నైట్రిక్ ఆక్సైడ్‌ని ఆపేస్తే బీపీ ఏమవుతుంది, గుండె ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఫార్మసీ, నర్సింగ్ చదివే మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్. నైట్రిక్ ఆక్సైడ్ పాఠం దగ్గరికొచ్చేసరికి ఏటా అవే సందేహాలు తిరిగొస్తాయి. వాళ్ళ ఇళ్ళలో బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు అడిగేవి ఇంకో రకం. రెండూ కలిపి ఇక్కడ పెడుతున్నాను, ఎక్కడ మొదలుపెట్టినా అర్థమయ్యేలా ఏ జవాబుకి ఆ జవాబు విడిగా రాశాను. ఎక్కువమంది తడబడే చోటు మాత్రం ముందే చెప్పేస్తాను: బీపీ అంకె పెరిగిందంటే గుండె బాగా పనిచేస్తోందని కాదు, ఒంటికి రక్తం బాగా అందుతోందనీ కాదు.

## ముందు అసలు సంగతి

నైట్రిక్ ఆక్సైడ్ అంటే బండి పొగలో ఉండే విషవాయువు కదా, ఒంట్లో ఎందుకుంటుంది?

బండి పొగలో ఉండేదీ, ఒంట్లో తయారయ్యేదీ ఒకటే అణువు. తేడా అంతా మోతాదులో ఉంది, చోటులో ఉంది. రక్తనాళం లోపల ఎండోథీలియం అని ఒకే కణం మందం ఉండే పల్చటి పొర ఉంటుంది. ఆ కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని చాలా కొద్ది మోతాదులో, క్షణం క్షణం తయారుచేస్తూనే ఉంటాయి. పుట్టినది కొన్ని సెకన్లు మించి నిలవదు. అందుకే దీన్ని దాచిపెట్టుకునే వీలు ఒంటికి లేదు, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. తయారీ ఆపగానే ఫలితం నిమిషాల్లో కనిపించడానికి కారణం ఇదే.

నవ్వించే గ్యాస్ అంటారు, ఇదేనా?

కాదు. అది నైట్రస్ ఆక్సైడ్, మత్తు డాక్టర్లు వాడేది. ఇది నైట్రిక్ ఆక్సైడ్. పరీక్షలో ఈ రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

బీపీకీ దీనికీ లింకు ఏంటి?

రక్తం నాళం గోడని రాసుకుంటూ పోతుంది కదా, ఆ రాపిడే ఎండోథీలియానికి సంకేతం. అక్కడున్న ఎంజైము, ఈనాస్ అంటాం, ఆర్జినైన్‌ని సిట్రులిన్‌గా మారుస్తూ నైట్రిక్ ఆక్సైడ్‌ని వదులుతుంది. అది పక్కనే ఉన్న నాళపు కండరంలోకి వెళ్ళి గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైముని లేపుతుంది, దాంతో సీజీఎంపీ అనే కణం లోపలి సంకేత అణువు పెరుగుతుంది, కండరంలో కాల్షియం తగ్గుతుంది, కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. ఇదేదో అవసరం వచ్చినప్పుడు మాత్రమే జరిగే పని అనుకుంటారు చాలామంది. కానీ మీరు కూర్చున్నా, పడుకున్నా ఇది నడుస్తూనే ఉంటుంది. అంటే మామూలు బీపీ అనేది నైట్రిక్ ఆక్సైడ్ నాళాలని నిరంతరం తెరిచి పట్టుకుంటే వచ్చిన అంకె.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఒక్కరు కాదు. నైట్రోగ్లిసరిన్ లాంటి మందుల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తుందని, అదే కండరాన్ని సడలిస్తుందని 1977లో ఫెరిద్ మురాద్ చూపించారు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమని ముక్కలతో చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం: లోపలి పొర చెక్కు చెదరకుండా ఉంటే ఎసిటైల్‌కోలిన్ అనే నరాల రసాయనం వేసినప్పుడు నాళం సడలింది, ఆ పొర గీరుకుపోయిన ముక్క సడలలేదు. అంటే పొర నుంచి ఏదో వస్తోంది. ఆ ఏదో నైట్రిక్ ఆక్సైడేనని ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో 1986లో చెప్పారు, 1987లో సాల్వడార్ మోంకాడా బృందం కొలిచి చూపించింది. 1998 నోబెల్ ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి వచ్చింది. మోంకాడా పేరు అందులో లేదు, ఉండాల్సిందని నా అభిప్రాయం.

## ఆపిన మొదటి నిమిషాల్లో

ప్రయోగశాలలో దీని తయారీని ఎలా ఆపుతారు?

ఆర్జినైన్‌లా కనిపించే నకిలీ అణువులతో. ఎల్-ఎన్ఎంఎంఏ, ఎల్-నేమ్ అనేవి బాగా వాడేవి. ఇవి ఎంజైములో ఆర్జినైన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటాయి, పని జరగనివ్వవు. ఎల్-నేమ్ నేరుగా పనిచేయదు, ఒంట్లో ముందు నైట్రో ఆర్జినైన్‌గా మారాలి. నీళ్ళలో బాగా కరుగుతుంది కాబట్టి ఎలుకలకి తాగే నీళ్ళలో కలిపి ఇవ్వడం తేలిక. ఇవి మూడు రకాల ఎంజైముల్నీ, అంటే నరాల్లోదాన్ని, వాపులో పుట్టేదాన్ని, నాళంలోదాన్ని కలిపి ఆపుతాయి. ఒక్కదాన్నే ఆపాలంటే వేరే మందులు కావాలి. ఇంకో సంగతి, ప్రయోగం నమ్మాలంటే రెండు చూడండి: అద్దంలో ప్రతిబింబం లాంటి డి-రూపం ఇస్తే ఏమీ జరగకూడదు, ఎల్-ఆర్జినైన్ ఎక్కువగా ఇస్తే ప్రభావం వెనక్కి రావాలి.

ఆపిన వెంటనే బీపీ ఎందుకు పెరుగుతుంది? కొత్తగా నాళాన్ని బిగించే మందేమీ ఇవ్వలేదు కదా?

మంచి ప్రశ్న. నాళాన్ని బిగించేవి మన ఒంట్లో ఎప్పుడూ ఉంటాయి: సానుభూతి నరాలు వదిలే నార్అడ్రినలిన్, యాంజియోటెన్సిన్, ఎండోథీలిన్. వాటికి ఎదురుగా నైట్రిక్ ఆక్సైడ్ లాగుతూ ఉంటుంది. ఒక పక్క చెయ్యి తీసేస్తే రెండో పక్కది గెలుస్తుంది, అంతే. 1989లో కుందేళ్ళకి ఎల్-ఎన్ఎంఎంఏ ఇస్తే బీపీ పెరిగింది, ఎల్-ఆర్జినైన్ ఇస్తే తగ్గింది. అదే ఏడాది ఆరోగ్యంగా ఉన్న మనుషుల చేతి ధమనిలోకి కొద్దిగా ఎక్కిస్తే ముంజేతి రక్తప్రవాహం సుమారు సగానికి పడిపోయింది. ఊరికే కూర్చున్న మనిషి చేతిలో కూడా నైట్రిక్ ఆక్సైడ్ అంత పని చేస్తోందన్నమాట.

బీపీ పెరిగిందంటే గుండె గట్టిగా కొడుతున్నట్టే కదా?

కాదు! ఏటా సగం క్లాసు ఇక్కడే పడుతుంది. బీపీ అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, నాళాలు పెట్టే అడ్డు, ఈ రెండింటి గుణకారం. నైట్రిక్ ఆక్సైడ్‌ని ఆపితే అడ్డు పెరుగుతుంది, గుండె పంపే రక్తం తగ్గుతుంది. లెక్క వేసి చూడండి, ఇది అర్థం కావడానికి నేను వేసిన అంకెలు మాత్రమే: అడ్డు 50 శాతం పెరిగి, పంపే రక్తం 25 శాతం తగ్గితే, 1.5ని 0.75తో గుణిస్తే 1.125. సగటు బీపీ 90 ఉన్నది 101 అవుతుంది. మీటర్‌లో చూస్తే 11 పాయింట్లు పెరిగింది, లోపల చూస్తే ఒంటికి అందే రక్తంలో పావు వంతు పోయింది. వంశధార ఒడ్డున మోటారుతో నీళ్ళు తోడేవాళ్ళని అడగండి, పైపు మడత పడితే మోటారు దగ్గర పైపు ఉబ్బిపోతుంది, మడిలో ధార సన్నబడుతుంది. ఆరోగ్యవంతులకి ఎల్-ఎన్ఎంఎంఏ సిరలోకి ఎక్కించిన ప్రయోగాల్లోనూ ఇదే కనిపించింది: బీపీ కొంచెం పెరిగింది, నాళాల అడ్డు బాగా పెరిగింది, గుండె పంపే రక్తం తగ్గింది.

బీపీ పెరుగుతుంటే నాడి ఎందుకు తగ్గుతుంది? రెండూ కలిసే పెరగాలి కదా?

మెడలోని కరోటిడ్ దగ్గర, మహాధమని వంపు దగ్గర ఒత్తిడిని పసిగట్టే నరాలు ఉంటాయి. గోడ సాగగానే మెదడుకి కబురు వెళ్తుంది, వేగస్ నరం గుండెని నిదానించమంటుంది. భయపడ్డప్పుడో పరిగెత్తినప్పుడో రెండూ కలిసి పెరుగుతాయి, ఎందుకంటే అక్కడ మెదడే ముందుగా అడ్రినలిన్ దారి తెరిచింది. ఇక్కడ ఒత్తిడి పెరగడం నాళాల దగ్గర మొదలైంది, గుండె దానికి జవాబు చెప్తోంది.

గుండె కండరం మీద నేరుగా ఏమైనా జరుగుతుందా, లేక అంతా బీపీ భారమేనా?

రెండూ ఉన్నాయి, విడదీయడమే కష్టం. భారం సంగతి తేలిక: ఎదురు ఒత్తిడి పెరిగితే గుండె ఒక్కో దెబ్బకి పంపగలిగే రక్తం తగ్గుతుంది. నేరుగా జరిగేవాటిలో మొదటిది గుండెకి రక్తం ఇచ్చే కరోనరీ నాళాలు కూడా బిగుస్తాయి. ఒంటి నుంచి వేరుచేసి గాజు గొట్టానికి తగిలించిన ఎలుక గుండెలో, అంటే బీపీ అనే మాటే లేని చోట కూడా, ఎల్-నేమ్ వేస్తే కరోనరీ ప్రవాహం తగ్గుతుంది. రెండోది, గుండె కొట్టుకున్న తర్వాత సడలి రక్తంతో నిండాలి కదా, ఆ సడలడానికి నైట్రిక్ ఆక్సైడ్ సాయం చేస్తుంది. మూడోది కొంచెం తికమక పెడుతుంది: అడ్రినలిన్ ఉసికొల్పినప్పుడు గుండె మరీ రెచ్చిపోకుండా ఇది కళ్ళెం వేస్తుంది, కాబట్టి జబ్బుపడ్డ గుండెలో దీన్ని ఆపినప్పుడు డోబుటమిన్ అనే గుండెని ఉసికొల్పే మందుకి స్పందన పెరిగింది కూడా. అందువల్ల నైట్రిక్ ఆక్సైడ్ గుండె బలాన్ని పెంచుతుందా తగ్గిస్తుందా అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు లేదు, ఎంత మోతాదు, ఏ ఎంజైము, గుండె ఏ స్థితిలో ఉంది అన్నది చూడాలి. ప్రయోగాల్లో భారాన్ని విడదీయడానికి నాళాలని బిగించే ఫెనైలెఫ్రిన్ అనే మందుతో బీపీని అంతే పెంచి పోలుస్తారు. ఆ పోలిక లేకుండా గుండె మీద నేరుగా పనిచేసిందని ఎవరైనా రాస్తే నమ్మకండి.

## వారాల తరబడి ఆపితే

ఎలుకలకి ఎల్-నేమ్ నీళ్ళు నెలపాటు తాగిస్తే ఏమవుతుంది?

బీపీ ఎక్కి అక్కడే నిలబడుతుంది. 1992లో రెండు వేర్వేరు బృందాలు దీన్ని చూపించాక ఇది బీపీ జబ్బుకి మామూలు నమూనా అయిపోయింది, బీపీ మందుల ప్రాజెక్టు చేసే పిల్లలకి ఇదే ఇస్తారు. వారాలు గడిచేకొద్దీ నాళాల గోడలు మందమవుతాయి, గుండె కండరంలో అక్కడక్కడా కణాలు చచ్చి వాటి చోట మచ్చలాంటి పీచు పేరుకుంటుంది, గుండె గట్టిపడి సరిగా నిండదు. బీపీ అంత ఎక్కినా గుండె బరువు మాత్రం చాలాసార్లు అనుకున్నంత పెరగదు, అది చూసి గుండె బాగుంది అని రాసేయకండి, సూక్ష్మదర్శినిలో పీచు చూడాలి. ఈనాస్ జన్యువు తీసేసిన ఎలుకలకి ఏ మందూ ఇవ్వకుండానే బీపీ ఎక్కువ ఉంటుందని 1995లో తేలింది, అంటే ఇదంతా ఎల్-నేమ్ అనే రసాయనం చేసిన వేరే అల్లరి కాదు.

నాళాలు బిగుసుకుంటే సరే, మధ్యలో కిడ్నీ పాత్ర ఏంటి?

బీపీ పెరిగితే మామూలుగా కిడ్నీ ఎక్కువ ఉప్పు, నీళ్ళు బయటికి పంపి దాన్ని దించేస్తుంది. అలా పంపడానికి కిడ్నీకి నైట్రిక్ ఆక్సైడ్ కావాలి. అది లేకపోతే ఎక్కువ ఒత్తిడి ఉంటే గానీ అంతే ఉప్పు బయటికి పోదు, కాబట్టి బీపీ పైనే కుదురుకుంటుంది. ఎల్-నేమ్ ఇచ్చిన ఎలుకలకి ఉప్పు ఎక్కువ పెడితే జబ్బు ముదిరేది ఇందుకే. పైగా కిడ్నీ వడపోత గుచ్ఛాలే దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోతుంది.

ఏ మందుతో ఇది తగ్గుతుంది?

ఎనలాప్రిల్ లాంటి ఏసీఈ మందులు, లోసార్టాన్ లాంటివి ఎలుకల్లో బాగా అడ్డుకున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే యాంజియోటెన్సిన్‌కి పగ్గాలు ఉండవు, ఈ మందులు దాన్నే పట్టుకుంటాయి.

## మనుషులకి మందుగా వాడి చూసినప్పుడు

సెప్టిక్ షాక్‌లో బీపీ పడిపోతుంది కదా, నైట్రిక్ ఆక్సైడ్‌ని ఆపితే మనిషి బతకాలి కదా?

సరిగ్గా ఇలాగే అనుకున్నారు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినప్పుడు వాపులో పుట్టే ఎంజైము కుప్పలుగా నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, నాళాలు వదులైపోతాయి, బీపీ పడిపోతుంది. దాన్ని ఆపితే బీపీ లేస్తుంది, ఆ మాట నిజమే. 797 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2004లో అచ్చయింది. ఎల్-ఎన్ఎంఎంఏ ఇచ్చినవాళ్ళలో బీపీ లేచింది, కానీ 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు 59 శాతం, ఉత్తి ద్రవం ఇచ్చినవాళ్ళలో 49 శాతం. పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

ఎందుకిలా? ఆ మందు చెడ్డ తయారీతో పాటు నాళాలకి రోజూ కావాల్సిన మంచి తయారీని కూడా ఆపేసింది. గుండె పంపే రక్తం తగ్గింది, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరిగి కుడి గుండె మీద భారం పడింది. మానిటర్ మీద అంకె చూసి ఊపిరి పీల్చుకుంటే మనిషి లోపల ఎండిపోయాడు. ఐసీయూలో పనిచేయబోయే పిల్లలు ఈ ఒక్క పరీక్షని బాగా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక: బీపీతో పాటు మూత్రం ఎంత వస్తోంది, కాళ్ళుచేతులు వెచ్చగా ఉన్నాయా, లాక్టేట్ (రక్తం సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) ఎంత అని అడగండి.

గుండెపోటు తర్వాత వచ్చే షాక్‌లోనో?

అక్కడా ప్రయత్నించారు. 2007లో వచ్చిన పరీక్షలో 398 మంది ఉన్నారు. బీపీ కాస్త పెరిగింది, ప్రాణాలు మాత్రం ఎక్కువ నిలబడలేదు. ఆపేశారు.

## మన ఇళ్ళలో అడిగేవి

మా బాబుకి సికిల్ సెల్ ఉంది, దానికీ నైట్రిక్ ఆక్సైడ్‌కీ సంబంధం ఉందంటున్నారు, నిజమేనా?

నిజమే. మన రాయగడ, కోరాపుట్ వైపు ఈ జబ్బు చాలా ఇళ్ళలో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కొడవలి ఆకారం కణాలు త్వరగా పగిలిపోతాయి, లోపలి హిమోగ్లోబిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. కణం లోపల ఉన్నంతసేపూ హిమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్ జోలికి పెద్దగా పోదు, బయటికొస్తే మాత్రం దాన్ని పట్టి మింగేస్తుంది. పగిలిన కణాల నుంచే ఆర్జినేజ్ అనే ఎంజైము వచ్చి ముడిసరుకైన ఆర్జినైన్‌ని కూడా తినేస్తుంది. అంటే ఎవరూ ఎల్-నేమ్ ఇవ్వకుండానే ఒంట్లో దాదాపు అదే జరుగుతోంది. దీని దెబ్బ ఊపిరితిత్తుల నాళాల మీద ఎక్కువ, కొందరికి పెద్దయ్యాక అక్కడ ఒత్తిడి పెరిగి ఆయాసం వస్తుంది. చేతి బీపీ మాత్రం వీళ్ళకి మిగతావాళ్ళ కంటే తక్కువే ఉంటుంది, అందువల్ల అందరికీ మామూలు అనిపించే అంకె కూడా వీళ్ళకి ఎక్కువ కావచ్చు, ఆ మాట డాక్టరుకి గుర్తుచేయండి. నైట్రిక్ ఆక్సైడ్ దారిని పెంచే సిల్డెనాఫిల్‌ని వీళ్ళకిచ్చి చూస్తే నొప్పి తిరగబెట్టడం ఎక్కువై ఆ పరీక్ష ఆపాల్సి వచ్చింది, కాబట్టి సొంతంగా ఏ మాత్రా వేయొద్దు. హైడ్రాక్సీయూరియా రాసిచ్చి ఉంటే అది మానకండి. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులైలో మొదలైంది, పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు, ఇంట్లో మిగతా పిల్లలకి కూడా చేయించండి.

కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం మా పక్కనే. కిడ్నీ పాడైతే బీపీ ఎక్కేది దీనివల్లేనా?

కొంత భాగం ఇది. ఏడీఎంఏ అని మన ఒంట్లోనే పుట్టే పదార్థం ఉంది, అది ఎల్-ఎన్ఎంఎంఏలాగే నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపుతుంది. కిడ్నీలు పనిచేయనివాళ్ళలో ఇది పేరుకుంటుందని 1992లో చూపించారు. దాంతోపాటు ఉప్పు, నీరు నిలవడం, యాంజియోటెన్సిన్‌ని పుట్టించే రెనిన్ పెరగడం కూడా ఉంటాయి. ఉద్దానం జబ్బు మొదలవడానికి కారణం ఇదేనని మాత్రం ఎవరైనా చెప్తే నమ్మకండి.

గుడాకు (చిగుళ్ళకి రాసుకునే పొగాకు ముద్ద) పెట్టుకోకపోతే మా అమ్మకి పొద్దున్న గడవదు. అది బీపీకి చెడ్డదా? పొగ లేదు కదా?

పొగ లేకపోయినా నికోటిన్ ఉంది, చిగురు నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది, పెట్టుకున్న కాసేపటికే నాడి, బీపీ పెరుగుతాయి. బీడీ, సిగరెట్ అయితే అదనంగా ఎండోథీలియాన్నే పాడుచేస్తాయి, చిన్న వయసు వాళ్ళలో కూడా నాళం వెడల్పయ్యే గుణం తగ్గుతుంది. అమ్మ ఒక్కసారిగా మానలేకపోతే తిట్టకండి, బీపీ చూపించే ముందు అరగంట మాత్రం పెట్టుకోకుండా చూడండి, లేకపోతే అంకె తప్పు వస్తుంది.

కడుపుతో ఉన్నప్పుడు బీపీ రావడం కూడా ఇదేనా?

చాలావరకు సంబంధం ఉంది. మాయ సరిగా నాటుకోకపోతే అది వదిలే ఒక ప్రోటీన్ తల్లి నాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి కావాల్సిన సంకేతాన్ని పట్టేసుకుంటుంది. కడుపుతో ఉన్న ఎలుకకి ఎల్-నేమ్ ఇస్తే బీపీ, మూత్రంలో ప్రోటీన్, బరువు తక్కువ పిల్లలు, మూడూ వస్తాయి. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, ముఖం ఉబ్బినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా వెంటనే ఆశా దీదీకి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

నేను వేసుకునే మందుల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని తగ్గించేవి ఉంటాయా?

మామూలు బీపీ, షుగర్ మాత్రల్లో లేవు. కొన్ని క్యాన్సర్ మందులు, బెవాసిజుమాబ్, సునిటినిబ్ లాంటివి, కొత్త నాళాలు పుట్టనివ్వకుండా చేస్తాయి. ఆ దారిలో నైట్రిక్ ఆక్సైడ్ కూడా తగ్గి బీపీ ఎక్కుతుంది, అందుకే వాటితో బీపీ తరచూ చూస్తారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా బీపీ పెంచుతాయి, కానీ వాటి దారి వేరు, ప్రోస్టాగ్లాండిన్లది.

ఆకుకూరలు తింటే నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుందా?

పెరుగుతుంది, ఆర్జినైన్‌తో పనిలేని రెండో దారిలో. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలో నైట్రేట్ ఎక్కువ. దాన్ని నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. 2008లో వచ్చిన ఒక పరీక్షలో ఆరోగ్యవంతులు అర లీటరు బీట్‌రూట్ రసం తాగితే కొన్ని గంటలకి బీపీ పై అంకె సుమారు 10 దాకా దిగింది. క్రిములు చంపే మౌత్‌వాష్ రోజూ పుక్కిలిస్తే ఆ బ్యాక్టీరియా పోయి ఈ దారి మూసుకుపోతుంది. మన ఇళ్ళలో ఒడియావాళ్ళ శాగ, మన తోటకూర రెండూ వండుతాం కాబట్టి కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. కూరలో ఉప్పు తగ్గించండి, పఖాళలో (చద్దన్నంలో) వేసుకునే ఉప్పూ లెక్కలోకి వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం పొటాషియం గురించి అడిగాకే ఆకుకూర పెంచాలి.

జిమ్‌లో నైట్రిక్ ఆక్సైడ్ పౌడర్ అని అమ్ముతున్నారు, గుండెపోటు వచ్చిన మా నాన్నకి ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. ఆ డబ్బాల్లో ఉండేది ఎక్కువగా ఆర్జినైన్ లేదా సిట్రులిన్. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఆర్జినైన్ ఇచ్చి చూసిన పరీక్ష 2006లో అచ్చయింది, 153 మంది. ఆర్జినైన్ వేసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఒక్కరూ లేరు. గుండె పనితీరు మెరుగు కూడా కాలేదు.

నాన్నగారికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోమన్నారు. దాంతో వేరే మాత్రలు వేసుకోవచ్చా?

సార్బిట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా పనిచేస్తుంది, సీజీఎంపీని పెంచుతుంది. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టాడాలాఫిల్ ఆ సీజీఎంపీ విరగకుండా ఆపుతాయి. రెండూ కలిస్తే బీపీ కుప్పకూలుతుంది, ప్రాణం పోవచ్చు. ఈ మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడతారు, ఆ సిగ్గు దగ్గరే ప్రమాదం ఉంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడాలాఫిల్ అయితే 48 గంటల్లోపు సార్బిట్రేట్ పెట్టుకోకూడదు. మామూలు బీపీ మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకోవచ్చు. సార్బిట్రేట్‌ని నిలబడి పెట్టుకోవద్దు, కళ్ళు తిరిగి పడిపోతారు, కూర్చోబెట్టండి. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి తీసుకెళ్తే ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో నాన్నగారినే డాక్టరుకి విడిగా చెప్పనివ్వండి, మీరు కాసేపు బయట నిలబడండి.